తుమ్మచెక్కలో ఉడికిన టీషర్టులు

ఆ రోజుల్లో మా ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి ఎవరూ చెట్ల వైపు చూసేవాళ్ళు కారు, పవర్ ప్లాంటు చిమ్నీల వైపు చూసేవాళ్ళు. పొగ కృష్ణా నది మీదికి వంగితే ఆడవాళ్ళు ధైర్యంగా బట్టలు ఆరేసేవాళ్ళు. మా ఇళ్ళ మీదికి వంగిందంటే తీగ మీదున్నవన్నీ లాక్కుని లోపలికి పరుగెత్తేవాళ్ళు, లేకపోతే తెల్ల పంచె మీద కూడా బూడిద కూర్చునేది. నేనప్పుడు రాయచూరులో డిగ్రీ చదువుతున్నాను. ఎవరైనా నా వైపు చూస్తే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునే రకం (పుస్తకం తలకిందులుగా ఉన్నా సరే). క్లాసులో హాజరు పలకడానికి గొంతు సవరించుకుని, ఆ చప్పుడికే సిగ్గుపడి, చివరికి పలకకుండానే కూర్చున్న రోజులున్నాయి. చెప్పాలనుకున్నదంతా ఇంటికొచ్చి డైరీలో చెప్పేదాన్ని. అక్కడ మాత్రం నా అంత వాగుడుకాయ ఇంకొకతె ఉండేది కాదు.

మేము బెస్తవాళ్ళం, ఏట్లో పుట్టి పడవలు నడిపి, వల విసిరి బతికినవాళ్ళం. మమ్మల్ని ఎస్టీల్లో చేర్చమని మా పెద్దలు అడగడం నేను పుట్టకముందే మొదలైంది. ఆ ఏడు మా సంగతి వినడానికి బెంగళూరు నుంచి ఒక అధికారి రాయచూరుకు వస్తున్నాడని కబురు అందింది. ఆయన రాసుకుపోయేదాన్ని బట్టే మా అర్జీ కదులుతుందో, మళ్ళీ అటకెక్కుతుందో తేలుతుందట. అర్జీ కదిలితే మా పిల్లలకు హాస్టళ్ళు, పై చదువులు (అందులో నాది కూడా). అందుకని మా నాన్నకు అన్న, ఊళ్ళో మావాళ్ళకు పెద్ద అయిన పెద్దనాయన పదిరోజుల ముందు నుంచే గడ్డం గీసుకుంటూ కన్నడంలో ఉపన్యాసం వల్లె వేయడం మొదలుపెట్టాడు. దాంతోపాటు ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. అర్జీలు పట్టుకుని పోయేవాళ్ళు బోలెడుమంది ఉంటారు, ఆ గుంపులో మనం కనబడాలంటే అందరికీ ఒకే తీరు బట్టలుండాలి. రాయచూరుకు పోయి తెల్లని నూలు టీషర్టులు కొని, ‘నది బిడ్డలం, మమ్మల్ని ఎస్టీల్లో చేర్చండి’ అని ముందువైపు కన్నడంలో, వీపు మీద తెలుగులో అచ్చు వేయించి, మూట దించాడు.

మా అవ్వ, అంటే పెద్దనాయన తల్లి, ఒకటి విప్పి చూసి పెదవి విరిచింది.

“తెల్లయి తెచ్చినవేందిరా? బస్సెక్కకముందే బూడిద పడి మసిగుడ్డలైతయి.”

పెద్దనాయన మొహం పడిపోయింది. అవ్వ మొహం మాత్రం వెలిగింది. కారణం ఉంది. నైలాన్ వలలు రాకముందు మా ఇళ్ళలో కొత్త నూలు వలను ఉత్తినే నీళ్ళలోకి దింపేవాళ్ళు కారు. తుమ్మచెక్క, అంటే తుమ్మచెట్టు బెరడు, వేసి కాచిన కషాయంలో దాన్ని ఉడికించి, ఎర్రమట్టి రంగు పట్టాక ఆరబెట్టి, అప్పుడు ఏట్లో దింపేవాళ్ళు. అలా చేస్తే నూలు కుళ్ళదు, ముడులు బిగుస్తాయి. ఆ పని చేయడంలో మా అవ్వకు ఏటి ఇరుపక్కలా పేరుండేది. నైలాన్ వచ్చాక ఆమె గంగాళం పెరట్లో బోర్లా పడి కోళ్ళకు ఇల్లయింది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఉడికించాల్సిన కొత్త నూలు ఇంటికి వచ్చింది. కోళ్ళను వెళ్ళగొట్టి, గంగాళం తోమి (అంత బాగా తోమలేదని తర్వాత తెలిసింది), పొద్దుట్నుంచి పొయ్యి మండించి, మూటకు మూట అందులో వేసి కర్రతో తిప్పింది. మేమందరం చుట్టూ నిలబడి మెచ్చుకున్నాం. ఇంటినిండా పుస్తకాలు పోగేసుకున్న నాకు కూడా ఏ అనుమానమూ రాలేదు. కొత్త నూలును ఉడికించాలి, అంతే కదా.

రంగు అద్భుతంగా వచ్చింది, అక్షరాలు చెక్కుచెదరలేదు. ఆరిన తర్వాత పెద్దనాయన ఒకటి తీసి వేసుకోబోతే తల దూరింది, భుజాల దగ్గర ఆగిపోయింది.

“అవ్వా, గిదేందే? గిది నా అంగీనా, నా మనవనిదా?”

అవ్వ బట్టను రెండు చేతులతో లాగి చూసి తృప్తిగా తలూపింది. “మంచిగ బిగిసింది. ఇగ ఏ చేపా తెంపలేదు.”

మగవాళ్ళలో ఒక్కరికీ ఆ టీషర్టులు పట్టలేదు. పట్టింది మా సన్నపాటి ఆడపిల్లలకే. నాకైతే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. వాళ్ళతో పోకుండా తప్పించుకుందామని నాకు కడుపునొప్పి అని చెప్పాను. జ్వరమని కూడా చెప్పాను. పెద్దనాయన నా తల నిమిరి, “నువ్వేం మాట్లాడేది లేదు బిడ్డా. జెర ముంగట నిలబడు, సాలు. మాట్లాడనీకి నేనున్న కద,” అన్నాడు. ఆయన మాత్రం పెద్దమనిషి అన్నాక వేసుకోకపోతే ఎట్లా అని, ఇద్దరు లాగితే ఊపిరి బిగబట్టి ఎలాగో అందులోకి దూరాడు. బస్సులో చిక్కసూగూరు దాటేసరికి మా చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. బట్టలకు గంగాళంలోని పాత చేపల వాసన పట్టింది మరి. సీటు దొరికినందుకు అవ్వ సంతోషించింది.

అధికారి గదిలోకి మా వంతు వచ్చేసరికి ఆయన అప్పటికే బోలెడు ఉపన్యాసాలు విని అలసిపోయి ఫ్యాను వైపు చూస్తున్నాడు. పెద్దనాయన రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. చంక దగ్గర మొదలైన కుట్టు పర్రుమని నడుం దాకా విడిపోయింది. చేతులు ఊపకుండా మాట్లాడటం ఆయనకు చేతకాదు, చేతులు ఎత్తితే మిగతా పక్క కూడా పోతుంది. మోచేతులు డొక్కలకు అదుముకుని నిలబడ్డాడు, వల్లె వేసిన కన్నడం ఒక్క ముక్క బయటికి రాలేదు. అధికారి మా వైపు తిరిగి, ఇది ఏ పార్టీ రంగు అమ్మా అని కన్నడంలో అడిగాడు.

పుస్తకం కోసం చేయి ఎత్తాను, చేతిలో పుస్తకం లేదు. పెద్దనాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అధికారి అప్పుడే తర్వాతి వాళ్ళను పిలవమన్నట్టు తలుపు వైపు చూశాడు.

“ఇది పార్టీ రంగు కాదు సార్,” అని కన్నడంలో అన్న గొంతు నాదేనని కాసేపటికి గానీ తెలియలేదు. “మా వల రంగు.”

ఆయన చూపు వెనక్కి వచ్చింది. ఇక నేను ఆగలేదు. వలను ఎందుకు ఉడికిస్తారో, ఆ పొయ్యి దగ్గర ఆడవాళ్ళు ఏం చేస్తారో, పుట్టిని ఏటికి మొదటిసారి దింపేటప్పుడు ఏం పెట్టి మొక్కుతారో, డైరీలో రాసుకున్నవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. ఆయన ఫ్యానును మర్చిపోయి పెన్ను మూత తీశాడు. చాలాసేపు రాసుకున్నాక పెద్దనాయన టీషర్టు అంచును వేలితో చూపించి, అంతా బాగుంది కానీ ఇంత పొట్టిగా ఎందుకు కుట్టించారని అడిగాడు. వెనక నుంచి అవ్వ అందుకుంది.

“ముడి బిగవాలె గద సార్.”

అధికారి నవ్వాడు. పెద్దనాయన కూడా నవ్వబోయాడు, రెండో పక్క కుట్టు కూడా పోయింది.

ఆ రాతల వల్ల మా అర్జీ బెంగళూరు దాకా కదిలింది, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయింది, ఇంకా తిరిగి రాలేదు. అవ్వ ఇప్పుడు లేదు. మొన్న పెద్దనాయన మళ్ళీ ఒక మూట తెచ్చి మా గడపలో దించాడు. ఎవరో కొత్త అధికారి వస్తున్నాడట. మాట్లాడాల్సింది ఎవరని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. విప్పి చూస్తే అన్నీ తెల్లవే, ఒక్కొక్కటి ఇద్దరు దూరేటంత పెద్దవి. పెరట్లోకి పోయి కోళ్ళను వెళ్ళగొట్టి గంగాళం వెల్లకిలా తిప్పాను. ఈసారి బాగా తోమాను. పొయ్యి రాజేసి తలెత్తితే చిమ్నీ పొగ మా ఇంటి మీదికే వంగుతోంది. పుస్తకం వెనక దాక్కున్న ఆ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఎంత సిగ్గుపడేదో అనుకుంటూ, కర్ర అందుకుని తిప్పడం మొదలుపెట్టాను.