నొక్కిన చోట గుంట

ఈ ఉదయం నాగమ్మవ్వ కాలి మీద బొటనవేలు ఆనించి నొక్కాను. చర్మం సాగి, చల్లగా, నున్నగా తగిలింది. మనసులో ఐదు లెక్కపెట్టి వేలు తీశాను. గుంట పడింది, ఎంతకీ పూడలేదు. నేను ఆరోగ్య కేంద్రంలో నర్సును. మా డాక్టరు మూడు కేంద్రాలకు ఒక్కడే, మళ్ళీ గురువారం గానీ రాడు. ఇవాళ సోమవారం. ఆ గుంటను చూస్తుంటే వసుంధర డాక్టరమ్మ గుర్తొచ్చింది.

పెనుకొండ దగ్గరి మా కేంద్రంలో ఇద్దరు డాక్టర్లుండాలి. నేను చేరేనాటికే ఆమె ఒక్కతే. రోజూ ధర్మవరం నుంచి పెనుకొండకు రైల్లో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో దిగేది. పేషంటు ఎవరైనా సరే, ముందు కాళ్ళు చాపమనేది. ముసలివాళ్ళకు ప్రాణం పోయినంత పనయ్యేది. డాక్టరు తమ కాళ్ళు పట్టుకోవడమా అని ముడుచుకుని కూర్చునేవాళ్ళు.

"అయ్యో, నా కాళ్ళు ముట్టుకుంటావేందమ్మా! నాకు పాపం తగులుతాది. సూదెయ్యి, చాలు."

"ఆ పాపమేదో నాకే తగలనీలే పెద్దాయనా. కాలు చాపు."

తర్వాత నా వేలితోనూ నొక్కించేది. "ఆయాసం లేదంటాండాడు చూడు, అబద్ధం. నీరు దిగింది. గుండెదో, కిడ్నీదో. దీన్ని మనం ఈడ పట్టుకోకుంటే, ఈయప్ప హిందూపురం పెద్దాసుపత్రికి పడుకోనే పోతాడు" అనేది. నాకు పని వచ్చిందంటే ఆమె తిట్లతోనే వచ్చింది.

నా ఉద్యోగం పర్మనెంటయిన రోజు స్వీటు డబ్బా పట్టుకుని ఆమె గదిలోకి వెళ్ళాను. సంతోషం పట్టలేక వంగి రెండు పాదాలూ గట్టిగా పట్టుకున్నాను. వేళ్ళు లోపలికి దిగాయి. చేతులు తీస్తే గుంటలు.

"ఎన్నాళ్ళ నుంచి మేడమ్ ఇది?"

ఆమె చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది. "లే, బయట జనముండారు."

"లీవు పెట్టి చూపించుకోండి."

"నేను పోతే ఈడెవరు కూర్చుంటారే, నువ్వా? వచ్చే నెల కొత్త డాక్టరు వస్తాడంట. ఆయనకు అప్పజెప్పి పోతా. మా ఇంట్లో మాత్రం చెప్పొద్దు, మా ఆయన గాబరా పడతాడు."

కొత్త డాక్టరు వచ్చాడు. ఆమె పని అప్పజెప్పేలోపే, పీజీ సీటొచ్చిందని ఇరవై రోజులకే వెళ్ళిపోయాడు. ఆ కుర్రవాణ్ణి నోరారా తిట్టుకున్నాను గానీ, నేను చేసిందేమిటి? ఆమె భర్త నంబరు నా ఫోనులోనే ఉంది. చేయలేదు. మేడమ్ మాట జవదాటలేదని చెప్పుకుంటే వినడానికి బాగానే ఉంటుంది. నిజం అది కాదు. ఆమె లీవు పెడితే వరండాలో జనమంతా నన్ను పీక్కుతింటారని భయం. మందుల చీటీ రాసే చేయి లేకుండా ఆ ముఖాలకు ఏం చెప్పాలో తెలియలేదు. నా సుఖం నేను చూసుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం పెనుకొండ స్టేషనులో మెట్లెక్కుతూ కూలబడింది. ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. ధర్మవరంలో వాళ్ళ ఇంటి ముందు, షామియానా కింద, ఆమె భర్త నా చేతులు పట్టుకున్నాడు.

"రోజూ పక్కనే ఉంటివి కదమ్మా. నీకేమీ కనపడలేదా?"

"లేదు సార్" అన్నాను. నా నోరు పడిపోను! ఆయన తల ఊపి, నన్ను భోజనం చేసి వెళ్ళమన్నాడు.

డాక్టరమ్మ కుర్చీలో రోజూ కూర్చునే డాక్టరు ఈనాటికీ రాలేదు. నాగమ్మవ్వ ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, రొప్పుతూనే, ఆయాసమేమీ లేదంటోంది.

"నీ కొడుకు నంబరు చెప్పవ్వా."

"వద్దు తల్లీ. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి పోయినాడు, ఊరికే గాబరా పడతాడు. బేస్తవారం డాక్టరు వచ్చినప్పుడు నేనే వస్తాలే."

అవే మాటలు. అవ్వ ఒళ్ళోని ఫోను తీసుకుని నేనే చేశాను.

"ఏమైంది మేడమ్? డాక్టరు ఏం చెప్పినాడు?" అన్నాడు కొడుకు.

"డాక్టరు లేడప్పా. నేను చెప్తాండా. మీ అమ్మ కాళ్ళకు నీరు దిగుండాది, ఊపిరి అందడం లేదు. ఇప్పుడే బండి మాట్లాడుకోని రా, హిందూపురం పోవాల."

అవ్వ నన్ను కోపంగా చూసింది. "నీ నోట్లో ఒక్క మాటా దాగదే!"

"దాగదవ్వా" అన్నాను. "ఒకసారి దాచినా. అది చాలు."