ఖోఖో వరసలో జమాల్ బీ

ఉయ్యూరులో బట్టలు కుట్టే జమాల్ బీకి ఆటలంటే ఒళ్లుమంట. అయినా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనవరాలు జుబియాను, డాక్టరు చెప్పాడని, రోజూ సాయంత్రం కాలనీ ఖోఖోకి తీసుకెళ్లేది. ఆరు నెలల్లో పిల్ల ఆయాసం తగ్గింది, ఈవిడ సణుగుడు తగ్గలేదు.

ఒకరోజు తరిమే జట్టులో ఒక పిల్ల రాలేదు. "ఊరికే వరసలో కూర్చోండమ్మా, మిమ్మల్నెవరూ లేపరు," అన్నారు ఆట నేర్పే తిరుపతిరావు మాస్టారు. ఆమె గొణుక్కుంటూ కూర్చుంది.

ఆట వేడిలో కీర్తన అనే పిల్ల ఆమె వీపు తట్టి "ఖో!" అని అరిచింది. జమాల్ బీ దిగ్గున లేచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఎదుటి జట్టులో ఉన్న మనవరాలి వెంటపడింది. ఎంత ఉరికినా జుబియా అందలేదు.

మర్నాడు ఆ రాని పిల్ల వచ్చి వరసలో కూర్చుంది.

"అది నా చోటండీ మాస్టారూ, ఆ పిల్లని లేపండి!" అంది జమాల్ బీ.