దస్తగిరి బాట

ఎమ్మిగనూరులో మా ఎదురింటి గేటుకు రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన కిటికీలోంచి రాగానే మహబూబ్ సాబ్ గుర్తొచ్చాడు. ఆదోని మున్సిపాలిటీలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో వీధుల పేర్ల బోర్డులన్నీ ఆయన చేతిరాతే. తొందరపెడితే కుంచె కడిగి పక్కన పెట్టి బీడీ ముట్టించే మనిషి.

అక్కడ పార్కు మధ్యలోంచి ఒక రోడ్డు పోతుంది. ఒకప్పుడు అది కాలిబాట. పత్తి మిల్లు కూలీలు ఎండలో చుట్టూ తిరిగి పోలేకపోతుంటే, అప్పటి తోటమాలి దస్తగిరి రెండు గేట్లూ తెరిచి దారి ఇచ్చాడట. తారు పడ్డాక కూడా జనం దాన్ని దస్తగిరి బాట అనే పిలిచారు, బోర్డు మీదా అదే పేరు. దానికి ఒక పెద్దమనిషి పేరు పెట్టాలని తీర్మానమైంది. ముందు ఆ దారిలో నోటీసు అంటించి, జనాన్ని అడగాలి. ఆ పని నాది. ఎండకు బద్ధకించి నోటీసు ఆఫీసు గోడకే అంటించాను. గడువు దాటాక ఫైల్లో ‘అభ్యంతరాలు లేవు’ అని రాసేశాను. దస్తగిరి ఎవరో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

దస్తగిరి బాటకు కొత్త పేరు రాసిన చీటీ చేతికిస్తే మహబూబ్ సాబ్ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“దస్తగిరంటే మా నాయనప్పా. ఆ బాటలో ఎవుర్నన్నా అడిగినారా?”

“నోటీసు పెట్టినాం సాబ్.”

“యాడ?”

“ఆఫీసులో.”

“నేను దినామూ ఆ బాటనే వస్తాండా. ఆడ పెట్టింటే సూసిందును.”

తల కొట్టేసినట్టయింది. ఈ పని వేరేవాళ్లకు ఇస్తానన్నాను.

“వద్దప్పా. మా నాయన పేరు ఇంగొకడు తుడిస్తే సూడలేను. నేనే తుడుస్తా.”

మర్నాడు పొద్దున పోయి చూశాను. బోర్డు మీది దుమ్మును తడిగుడ్డతో తుడిచి, తండ్రి పేరు మీద తెల్లరంగు రెండు పూతలు వేశాడు. ఆరేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత కొత్త పేరు రాశాడు. వంక పెట్టడానికి లేదు. ఇంత బాగా ఎలా రాయగలిగావని అడిగాను.

“ఆ పెద్దాయనేం జేసినాడప్పా, వంకరగా రాసేకి?” అన్నాడు.

నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పని జరిగే చోటికి పోయి నలుగురినీ అడగకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టలేదు. కొందరు చాదస్తుడన్నారు, కొందరు నిఖార్సైన మనిషన్నారు. ఆ బుద్ధి నాకు రావడానికి ఒక తోటమాలి పేరు ఊళ్లో లేకుండా పోయింది. మొన్న ఆదోని పోయినప్పుడు ఆ రోడ్డున పోయే పిల్లలను ఆపి, దస్తగిరి ఎవరో తెలుసా అన్నాను. ఒక్కరికీ తెలియదు.