పెదనాన్న లేని ఆల్బం

మా పెద్దమ్మ సత్యవతికి కోపం ఎక్కువని బరంపురం బడా బజారులో అందరూ అంటారు. నిజమే. లెక్కలో తేడా వస్తే భంజనగర్ నుంచి వచ్చిన పాత ఖాతాదారునైనా మొహం మీదే అడిగేస్తుంది. మాది అప్పడాలు, వడియాలు టోకున అమ్మే దుకాణం. గల్లా దగ్గర కూర్చునే మా నాన్న శివరామ్ ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అందుకని బజారులో ఆయన మంచివాడు, ఆమె గయ్యాళి. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. బజారుకి ఏమీ తెలియదు.

పెద్దమ్మ భర్త, మా పెదనాన్న ధర్మలింగం, పోయి ఏడాది దాటింది. వాళ్లకి పిల్లల్లేరు. ఇంట్లో మొదటి డిజిటల్ కెమెరా కొన్నది ఆయనే. గోపాల్‌పూర్ ఒడ్డున మేమంతా తడిసి వణుకుతున్న ఫోటో, నా అన్నప్రాసన, దుకాణం కొత్త బోర్డు, అన్నీ ఆయన తీసినవే. ఎవరైనా కెమెరా అందుకోబోతే ఇచ్చేవాడు కాదు, చెయ్యి వణుకుతుందిరా నీకు అనేవాడు. అందుకే ఆయన ఏ ఫోటోలోనూ ఉండడు. పెళ్లి ఫోటోలో ఉన్నాడు, ఆధార్ కార్డులో ఉన్నాడు. మధ్యలో బతుకంతా కెమెరా వెనకే గడిపాడు.

ఒక్క సందర్భంలో మాత్రం కెమెరా పెద్దమ్మ చేతికి వచ్చేది. అది మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర.

రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినప్పుడు మా ఊళ్లో మొక్కున్న వాళ్లు వేషాలు కడతారు. పులి వేషం, దేవుడి వేషం, మగవాళ్లయితే ఆడ వేషం కూడా. పెళ్లయిన కొత్తలో పెద్దమ్మకి కామెర్లు ముదిరి, ఇక ఇంటికి తీసుకుపోండని ఆసుపత్రిలో చెప్పేశారట. పెదనాన్న ఆసుపత్రి నుంచి తిన్నగా అమ్మవారి దగ్గరికి వెళ్లి, ఈ మనిషి బతికున్నంత కాలం ప్రతి యాత్రకీ ఈమె చీర కట్టుకుని నీ ముందుకు వస్తానని మొక్కుకున్నాడు. పెద్దమ్మ బతికింది. ఆయన మాట తప్పలేదు. ప్రతి యాత్రకీ ఆమే కుచ్చిళ్లు పోసి, గాజులు తొడిగి, బొట్టు పెట్టి, కెమెరా వచ్చాక వీధి గుమ్మంలో నిలబెట్టి ఫోటోలు కూడా తీసేది. చెయ్యి వణికేది, అయినా తీసేది. జనం నవ్వితే ఆయన కూడా నవ్వేవాడు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. ఆ చీర కట్టేటప్పుడు ఆమె మొహం చూసిన వాళ్లెవరూ ఆమెను గయ్యాళి అనరు.

ఇక మా నాన్న సంగతి.

మొన్న మాఘంలో దుకాణానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా హాలు తీసుకుని పండగ చేద్దామనుకున్నారు. పెద్ద తెర మీద ఇంటి ఫోటోలు చూపించాలని నాన్న ముచ్చట. ఫోటోలేమో చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉన్నాయి. పెదనాన్న కెమెరా కార్డుల్లో కొన్ని, ఆయన ఫోన్లో కొన్ని, సీడీల్లో కొన్ని, దుకాణం కంప్యూటర్లో కొన్ని. వాట్సాప్‌లో తిరిగి తిరిగి మసకబారిన నకళ్లు వీటికి అదనం. కెమెరాలో తేదీ ఎవరూ సరిచేయలేదు కాబట్టి సగం ఫోటోలు ఒకే రోజున తీసినట్టు చూపిస్తాయి. నాన్న అన్నిటినీ ఇంటి కంప్యూటర్లో ఒక్క చోటికి చేర్చాడు, నకళ్లు ఏరేశాడు, ముఖాలకి పేర్లు పెట్టాడు. ఓపిగ్గానే చేశాడు, కాదనను. చేశాక, అన్నీ ఒకచోటికి వచ్చేశాయి కదా అని కార్డులూ ఫోనూ దుకాణం కంప్యూటరూ తుడిచేశాడు, సీడీలు పాత సామాన్ల వాడికి వేసేశాడు.

పండగ రోజు పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. తెర మీద తాతయ్య వచ్చాడు, నాన్న వచ్చాడు, నేను వచ్చాను, ఆర్యపల్లి ఎండుచేపల దిబ్బ దగ్గర ముక్కు మూసుకున్న మా అమ్మ కూడా వచ్చింది. పెదనాన్న రాలేదు. దీపాలు వెలిగాక కూడా పెద్దమ్మ తెర వంకే చూస్తూ కూర్చుంది. ఇంకా ఉన్నాయనుకుంది పాపం.

మర్నాడు పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. "దివ్యా, మీ పెదనాన్న యాత్ర ఫోటోలు తియ్యి" అంది.

వెతికాను. ఒక్కటీ లేదు. అమ్మవారి రథం ఉంది, పులి వేషాలున్నాయి, చీరలో ఉన్న పెదనాన్న మాత్రం ఏ యాత్రలోనూ లేడు. నాన్నను పిలిచాను.

"మిషనే తీసీసుంటాదమ్మా" అన్నాడు నాన్న. "వేషంలో మొకం ఆనవాలు పట్టనేదేమో. పరాయోళ్లని తోసీసుంటాది."

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న ఫోటోలు సర్దిన ప్రోగ్రామ్ నేను పెట్టి ఇచ్చిందే. అది ముఖాలు పోల్చి ఒక మనిషివి ఒకచోట చేరుస్తుంది. అనుమానం వస్తే రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనా అని మనల్నే అడుగుతుంది. దానంతట అది ఒక్క ఫోటో కూడా తుడిచేయదు. మనం ఎంచాలి, తీసేయమనాలి, నిజంగానా అని అడిగితే అవునని నొక్కాలి, ఆ తర్వాత చెత్తబుట్ట కూడా ఖాళీ చేయాలి. ఇంత పని చేతులారా చేసి, నోరులేని మిషన్ మీద తోసేశాడు.

"అది అడుగుతాది నాన్నా. నువ్వేటి నొక్కినావు?" అన్నాను.

నాన్న నేల చూపులు చూస్తూ చెప్పాడు. "విశాఖ నుంచి నీ సంబంధమోళ్లు వచ్చినారు కదా. అంత పెద్ద తెర మీద అన్నయ్య సీరా గాజులతో కనబడితే వాళ్లేటనుకుంటారు? మన ఊరి సంగతి వాళ్లకి తెల్దు. తెర మీద సూపకపోయినా రేపు ఎవులో ఒకరు కంప్యూటర్ తెరుస్తారు. ఎందుకొచ్చిన గొడవని తీసీసినాను."

నా పేరు అడ్డం పెట్టుకున్నాడు. తోడబుట్టిన అన్నను తుడిచేసి, కూతురి కోసమన్నాడు. పెద్దమ్మ ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. ఆమె గొంతు కూడా పెంచలేదు.

"ఆ సీర నాది" అంది. "కట్టింది నేను, ఫోటో తీసింది నేను, ఆ మొక్కు నా పేనం కోసం. అందులో నీకు సిగ్గేటొచ్చింది శివరామ్?"

"తప్పయిపోనాది వదినా."

"తప్పు కాదు. తప్పయితే తెలీక సేస్తారు."

పోయిన ఫోటోలు తిరిగి తెప్పిస్తామన్న దుకాణానికి కంప్యూటరూ, కార్డులూ, ఫోనూ మోసుకెళ్లాను. తుడిచిన చోట పండగ వీడియోలు వచ్చి కూర్చున్నాయని, ఏమీ మిగల్లేదని చెప్పారు. ఇంట్లో ఫోన్లన్నీ వెతికాను, వీధిలో అందరినీ అడిగాను. చూసిన వాళ్లే అంతా, ఒక్కరి ఫోన్లోనూ లేదు. విశాఖ అబ్బాయికి జరిగిందంతా నేనే ఫోన్ చేసి చెప్పాను. అతను ఏమీ అనుకోలేదు, పైగా వాటిలో ఒక్కటైనా దొరికితే చూడాలనుందన్నాడు. ఏం చూపించను? ఎవరికి భయపడి నాన్న ఆ పని చేశాడో వాళ్లకి ఆ భయం సంగతే తెలియదు. ఏ మూలనైనా ఒక్కటి దొరక్కపోతుందా అని పెదనాన్న పేరుతో ఒక ఫోల్డర్ తెరిచి ఉంచాను.

యాత్ర దగ్గర పడింది. నాన్న భోంచేస్తుండగా పెద్దమ్మ తన పట్టుచీర ఒకటి తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"మీ అన్న పోనాడు, మొక్కు పోనేదు. నేను బతికున్నంత కాలం అన్నాడు. బతికే ఉన్నాను. నువ్వు కట్టాల."

నాన్న అన్నం వదిలేసి మా పురోహితుడు భానుమూర్తి గారి దగ్గరికి పరుగెత్తాడు, మొక్కుకున్న మనిషి పోతే మొక్కు తీరిపోయినట్టే కదా అని అడగడానికి. మొక్కు ఎవరి ప్రాణం మీద ఉందో ఆ మనిషిని అడిగి రమ్మన్నారాయన. నాన్న ఉసూరుమంటూ ఇంటికొచ్చాడు.

యాత్ర రోజు పెద్దమ్మే కట్టింది. నాన్న లావు, కుచ్చిళ్లు చాలలేదు. విప్పి మళ్లీ కట్టింది. గాజులు ఎక్కకపోతే చేతికి సబ్బు రాసి ఎక్కించింది. బొట్టు పెట్టేటప్పుడు నాన్న కళ్లు మూసుకున్నాడు. ఆయన మీద నాకు జాలి వేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు.

గుమ్మంలో నిలబెట్టి, ఫోన్ పట్టుకుని, "నా వంక సూడు" అంది పెద్దమ్మ. నాన్న చూశాడు. ఆమె చెయ్యి వణికింది. ఫోటో తీసి, ఫోన్ నా చేతికిచ్చి, ఆయన్ని ముందు నడవమని అమ్మవారి దగ్గరికి బయల్దేరింది.

వాళ్లు వీధి మలుపు తిరిగాక నేను కంప్యూటర్ తెరిచి ఆ ఫోటో ఎక్కించాను. పెదనాన్న పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఇప్పుడు ఉన్నది అదొక్కటే. అందులో ఉన్నది మా నాన్న.