మజ్జిగతో మింగిన మాత్ర

డాక్సీసైక్లిన్ అంటే నాకు గౌరవం. సౌదీలోని తాయిఫ్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో దానికంటే ఖరీదైన మందులు బోలెడున్నాయి. మొటిమలకూ, కలరాకూ, న్యుమోనియాకూ, పురుగు కుట్టి వచ్చే జ్వరాలకూ పనికొచ్చే ఈ మాత్రకు మాత్రం ఏ ఆర్భాటమూ లేదు. క్రిమిని నేరుగా చంపదు. అది బతకడానికి కావలసిన ప్రొటీన్‌ను తయారు కానివ్వదు. పొయ్యి ఆర్పేసి, మిగతా పని మన ఒంటికి వదిలేస్తుంది. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్ళే నాకు నచ్చుతారు.

కడప వైపు నుంచి వచ్చి ఇక్కడొక ఇంట్లో పనిచేసే ఆమెకు బ్రూసెల్లా జ్వరం వచ్చింది. కాచని పాల వల్ల వచ్చే రోగం, ఒంటి కణాల్లోపల దాక్కుంటుంది. అక్కడిదాకా వెళ్ళగలదు కాబట్టే డాక్సీసైక్లిన్, దానికి తోడు ఇంకో మాత్ర కలిపి ఆరు వారాలు వాడమన్నారు డాక్టరు. జాగ్రత్తలన్నీ అరబ్బీలో, ఆమెను పనికి పెట్టుకున్న కఫీల్‌కు చెప్పారు. ఆయన ఆమెతో చెప్పింది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని మాత్రమే.

కొన్నాళ్ళకు జ్వరం మళ్ళీ ఎక్కింది. ఈసారీ తగ్గకపోతే ఎగ్జిట్ వీసా వేయించి ఊరికి పంపేస్తానన్నాడు కఫీల్. ఊళ్ళో ఆమె కూతురు నర్సింగ్ చదువుతోంది. తల్లి జీతం ఆగితే ఆ చదువూ ఆగుతుంది. తెలుగు వచ్చినదాన్నని ఆమెను నా దగ్గరికి పంపారు.

చేతులు చూస్తే మోచేతి దాకా ఎర్రగా కమిలి ఉన్నాయి.

"మిద్దెమీద గుడ్డలు ఆరేస్తా ఉంటే కాలిపోయినాయక్కా. ఈ మాత్ర శానా వేడి. అందుకే మజ్జిగతో మింగుతాండా, సల్లగుంటాదని."

"వేడి కాదమ్మా. ఈ మందు వాడుతుంటే చర్మం ఎండకు తట్టుకోలేదు, అంతే. చేతులు కప్పుకుని వెళ్ళు. పాలూ మజ్జిగా మందు బలాన్ని కొంత లాగేసుకుంటాయి. ఇంతకీ ఆ మజ్జిగ ఎక్కడిది?"

"ఇంట్లో పెద్దామె చిలుకుతాదక్కా. పొలం నుంచి మేకపాలు తెస్తారు. కాస్తే రుచి పోతాదంట."

వేడి చేసిందని మజ్జిగ తాగడం మన ఇళ్ళల్లో ఎవరైనా చేసే పనే, మా అమ్మయినా అదే చేసేది. కానీ ఈమె పాపం మందును రోగంతో కలిపి మింగుతోంది. కోపం కఫీల్ మీద వచ్చింది. ఉన్న నాలుగు మాటలూ ఆమెకు చెప్పడానికి ఆయనకేం బరువు?

ఆ కోపం మింగి, ఆయన్ను పిలిచి విషయం చెప్పాను. ఆ మజ్జిగ చిలికి తాగుతున్న వాళ్ళమ్మకూ రక్తపరీక్ష చేయించమన్నాను. ఎప్పటినుంచో ఉన్న నడుంనొప్పి వయసుదని వదిలేశారట ఆవిడకు. పరీక్షలో బ్రూసెల్లా తేలింది. ఆవిడకూ ఈ మాత్రలే రాశారు.

మందు అయిపోవచ్చే సమయానికి కఫీల్ ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. జ్వరం పోయింది. పెద్దావిడ కర్ర లేకుండా నడుస్తోంది. ఎగ్జిట్ సంగతి ఏమైందని కొడుకును అడిగాను. ఆవిడే అరబ్బీలో అందుకుంది.

"దీన్ని పంపేస్తే నాకు మాత్ర ఎవరిస్తారు?"

మాత్ర వేళయింది. మన ఆమె గ్లాసు నిండా నీళ్ళు పోసి పెద్దావిడ చేతికిచ్చింది. గొంతులో అంటుకుంటే పుండు పడుతుందని నేను చెప్పింది గుర్తుపెట్టుకుని, తెలుగులోనే గదమాయించింది.

"గ్లాసంతా తాగల్ల. ఎంటనే పండుకోగూడదు."

ఒక్క ముక్క తెలియకపోయినా పెద్దావిడ బుద్ధిగా గ్లాసు ఖాళీ చేసింది. నాకు నవ్వాగలేదు. ఈ మాత్రకు దండం పెట్టాలనిపించింది.

వెళ్తూ వెళ్తూ మన ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మా పాపకు ఫోన్ చేసి సెప్పినానక్కా. పరీచ్చలో ఈ మందు గురించి వస్తే బుక్కు సూడొద్దు, అమ్మనడుగు అని."