గురువారం కూడిక లేదు

మా పక్కింటి పాస్టరమ్మ బుధవారం తెల్లారేసరికి పోయింది. దుకాణం తలుపులు తీస్తుంటే పాస్టరయ్యగారే వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డారు. "మీ పాస్టరమ్మ ఎల్లిపోయిందమ్మా" అన్నారు. ఆవిడకి గుండె జబ్బని కొన్నాళ్ళుగా తెలుసు. అయినా ఆ మాట విని తలుపు సగంలోనే వదిలేసి ఆయన వెనకే వెళ్ళాను.

మాది చీపురుపల్లిలో కిరాణా కొట్టు. మా దేవుళ్ళు వేరు, మా పండుగలు వేరు. కానీ గోడకి అవతలే చర్చి, దాని వెనకే వాళ్ళిల్లు. అక్కడేం జరుగుతోందా అని నాకెప్పుడూ ఆరాటమే. "నీకెందుకే" అని మా ఆయన విసుక్కునేవాడు. నాకు కావాలి మరి! సోమవారం స్త్రీల ప్రార్థన కూడిక, మంగళవారం యువకులది, బుధవారం బైబిలు పాఠం, గురువారం ఎవరో ఒకరింట్లో గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల ప్రాక్టీసు. ఆదివారం సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ కలిసి అన్నం ఎప్పుడు తింటారని ఒకసారి అడిగేశాను. పంచదార పొట్లం అందుకుంటూ ఆవిడ నవ్వింది. "అదే నానూ సూస్తన్నాను వదినా. తెలిస్తే నీకూ సెప్తాను" అంది.

ఆవిడ నన్ను ఏనాడూ చర్చికి రమ్మనలేదు. నా ప్రశ్నలకి విసుక్కోనూ లేదు. బియ్యం బస్తా మీద కూర్చుని అన్నీ చెప్పేది. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

"నిన్న ఒకలింట్లో కూడిక" అని ఒకరోజు మొదలుపెట్టింది. "ఈ కుటుంబాన్ని ఒక్కటిగా ఉంచు ప్రభువా అని కళ్ళు మూసుకుని ప్రార్థన సేసినాం. కళ్ళు తెరిసి సూస్తే ఆ కుటుంబంలో ఒక్కలూ లేరు! ఇంటాయన సిగ్గుపడి టీ కొట్టు కాడికి పోయినాడు. పిల్లలు ట్యూషన్‌కి ఎల్లినారు. ఆయమ్మేమో మా అందరికీ ఉప్మా సేస్తా వంటింట్లో ఉన్నాది." ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం.

అప్పట్లో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఇంటర్ చదివేది. సాయంత్రాలు కంచం పట్టుకుని మా ఇంటికి వచ్చి మా పిల్లలతో తినేది. మీ నాన్నేరీ అంటే "నాన్న బిజీ అత్తా" అనేది. తర్వాత్తర్వాత ఆ జవాబు చెప్పడం కూడా మానేసింది.

ఒక శుక్రవారం జరిగింది మా కిటికీలోంచి నేనే చూశాను. ప్రార్థన చివర్లో జనం వరసగా వస్తే అయ్యగారు కళ్ళు మూసుకుని, తల మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్కరి కష్టం అడిగి ప్రార్థన చేస్తారు. ఆ వరసలో చున్నీ ముసుగేసుకుని వాళ్ళమ్మాయి నిలబడింది. ఆయన చెయ్యి పెట్టి "పేరేటమ్మా?" అన్నారు. పిల్ల చున్నీ ఇంకా కిందికి లాక్కుంది. "పోనీ, కష్టమేటో సెప్పు తల్లీ."

"మా నాన్నతో మాట్లాడాలండి. ఆయనకి ఖాళీ లేదు."

ఆయన కళ్ళు తెరిచారు. వెనకున్నవాళ్ళు తమాషా అనుకుని నవ్వారు. పాస్టరమ్మ నవ్వలేదు.

ఆ ఆదివారమే సంఘమంతటికీ చెప్పేసింది. ఇకమీదట గురువారం సాయంత్రం ఏ కూడికా లేదు, ఎవరింట్లో వాళ్ళుండాలని. సంఘ పెద్ద మా కొట్టు ముందే ఆవిడని ఆపాడు. "పక్క సంఘంలో రోజూ మీటింగులేనమ్మా. మన జనం అటు పోతే?"

"పోతే మళ్ళీ పిలుసుకోవచ్చు బాబూ. మా పిల్ల ఇంట్లో ఉంటూనే దూరమైపోతన్నాది. దాన్ని ఏ మీటింగెట్టి పిలవను?"

రెండు కుటుంబాలు నిజంగానే వెళ్ళిపోయాయి. ఆవిడ బాధపడింది, వాళ్ళిళ్ళకి వెళ్ళి పలకరించి వచ్చింది. గురువారం మాత్రం వదల్లేదు.

మరి ఆ పూట ఏం చేస్తారో! కరివేపాకు వంక పెట్టుకుని వెళ్ళాను. అయ్యగారు నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. సగం కాయ ఈనెతోనే పోతోంది. "అలగ కాదు నాన్నా" అని కూతురు చూపిస్తోంది. ఎవరైనా ప్రార్థనకని వస్తే "మీ ఇంట్లో ఆళ్ళు సూస్తా ఉంటారు, ఎల్లండి" అని పాస్టరమ్మ గేటు దగ్గరే సాగనంపేది. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే మాత్రం తనే ఆయన్ని తరిమేది. "రోగానికి గురువారమేటి" అనేది. మా కొట్టు కూడా గురువారాలు పెందరాళే కట్టేయమని మా ఆయన్ని ఎన్నో ఏళ్ళుగా పోరుతున్నాను. నా వల్ల కాలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు విజయనగరంలో టీచరు. అక్కడ గది తీసుకోకుండా రోజూ రైల్లో వచ్చిపోతుంది.

మొన్న గురువారం పాస్టరమ్మని సమాధి చేశారు. సాయంత్రం ఇంటివాళ్ళని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడదామని జనం కుర్చీలు దించుతున్నారు. సంఘ పెద్ద గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఈయేల గురువారం. రేపెట్టుకుందాం. తండ్రీకూతుళ్ళిద్దర్నీ ఉండనీండి" అన్నాడు. కుర్చీలు మళ్ళీ బండెక్కాయి.

నేను అన్నం, చారు గిన్నెల్లో పట్టుకెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అయ్యగారు నౌపడ స్టేషన్లో పాస్టరమ్మని మొదటిసారి చూసిన సంగతి కూతురికి చెబుతున్నారు. తర్వాతేమైందో వినాలని ప్రాణం కొట్టుకుంది. అయినా గిన్నెలు గడప పక్కన పెట్టి వచ్చేశాను. మా మెట్టు మీదికి ఆయన మాటలు వినపడలేదు. ఆ పిల్ల ఊఁ కొట్టడం మాత్రం, చాలాసేపు, వినపడుతూనే ఉంది.