పంకా కింది గాలి

కరెంటు వచ్చి మా పాత సీలింగ్ ఫ్యాన్ కిర్రుమన్నప్పుడల్లా సుల్తానాబాద్ దగ్గరి ఆ గడి గుర్తొస్తుంది. ఒకప్పుడు దొరలు కాపురమున్న ఆ గడిని మ్యూజియం చేశారని తెలిసి తాత నన్ను చూపించడానికి తీసుకెళ్లాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

పెద్దగదిలో దూలానికి మంచమంత గుడ్డ పంకా వేలాడుతోంది. దాని తాడు గోడకున్న రంధ్రంలోంచి అవతలికి పోయింది.

"ఇది ఎట్ల ఊగుతదో ఎవలకన్న ఎరుకనా?" అని గైడు అడిగాడు.

"నాకెరుక," అన్నాడు తాత. "గోడ అవుతల కూసోని గుంజాలె. చిన్నప్పుడు పొద్దంత గుంజేటోణ్ని."

ఎగిరి గంతేశాను. ఇంత పెద్ద ఉయ్యాలతో తాత రోజూ ఆడుకున్నాడా!

"తాతా, నేను గుంజుతా!"

గైడు నవ్వి తలూపాడు. తాతను పంకా కింది కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను గోడ అవతలికి పరుగెత్తి తాడు పట్టుకుని బలంకొద్దీ లాగాను. పంకా కిర్రుకిర్రుమంది. అరచేతులు మండినా వదల్లేదు.

"గాలొస్తాందా తాతా?" అని అరిచాను.

రంధ్రంలోంచి తాత గొంతు వినిపించింది.

"వస్తాంది బిడ్డా. గీడ గింత సల్లగుంటదని గిన్నేండ్లకు తెల్సింది."

మా తాత గడిలో ఉండేవాడని మర్నాడు బడిలో అందరికీ గొప్పగా చెప్పాను. గోడకు ఏ వైపు ఉండేవాడో చెప్పాలని తోచనే లేదు.